అయస్కాంత తారయు, మన వేధశాలలును

శాస్త్రము చదువని వాడు నక్షత్రములను గూర్చి వ్రాయబూనుట సాహసమే. నేను కళాశాలలో చదివినది చరిత్ర. ఆ పిమ్మట ఇరువది సంవత్సరములుగా చదువుచున్నవి ఫైళ్లు. ఈ సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని మన సంఘ కార్యదర్శిగారు కోరినపుడు, ఏ కాకతీయులను గూర్చియో ఏ రెడ్డిరాజులను గూర్చియో నాలుగు పుటలు నింపి ఋణము తీర్చుకొందమనియే అనుకొంటిని. ఆ సంకల్పమును మార్చినవాడు సిల్తారాలో నున్న నా మేనల్లుడు.

సిల్తారా యను ఊరు మన పాఠకులలో చాలమందికి తెలియకపోవచ్చును. రాయపూరు నుండి బిలాసపూరు పోవు రహదారిపై, పట్టణమునకు ఉత్తరముగా, ఇనుమే ప్రాణముగా బ్రతుకుచున్న పారిశ్రామిక క్షేత్ర మది. ఖనిజమును స్పాంజి ఇనుముగా మార్చు కర్మాగారములు, ఆ ఇనుమును కరగించు కొలుములు, కడ్డీలు సాగదీయు రోలింగు మిల్లులు అచట వరుసగా నిలిచియుండును. వెనుకటి తరములలో రైల్వే కొలువులకై వచ్చి రాయపూరు, బిలాసపూరు ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో మా అక్కగారి యత్తవారిది యొకటి. మా బావగారు ఒక రోలింగు మిల్లులో ఉద్యోగి. గత సంవత్సరము దసరా సెలవులలో నేను వారి యింటికి పోయినపుడు, పదవ తరగతి చదువుచున్న మేనల్లుడు నన్ను మిల్లు వెనుక నున్న పాత ఇనుము పెరటికి తీసికొనిపోయెను. అచట క్రేనుకు వ్రేలాడు గుండ్రని విద్యుదయస్కాంతము దిగుట, తుక్కు ఇనుము గుట్టగా ఎగిరి దానిని అంటుకొనుట, మీట త్రిప్పగానే అంతయు దబ్బున కొలిమి తొట్టిలో పడుట చూచుచు నిలిచితిమి.

"మామయ్యా, ఆకాశంలో కూడా ఇలాంటి అయస్కాంతం ఒకటుందటగా? పక్కనున్న నక్షత్రాన్ని లాగేసుకుంటుందట. దాన్ని ఎక్స్‌రేలతో చూశారట. నిజమేనా?" అని వాడడిగెను.

"చూసి చెబుతాను" అంటిని. కార్యాలయములో మన మిచ్చు ఈ సమాధానమునకు గడువు లేదు. కాని మేనల్లునితో అది సాగదు. సెలవు ముగిసి తిరిగి వచ్చిన పిమ్మట పుస్తకములు వెదకితిని. వెదకినకొలది ఆశ్చర్యము కలిగినది. ఆ తారలను తెలిసికొన్న కథ జర్మనీలోను అమెరికాలోను నడచినదే కాని, ఆ విద్యకు వలసిన రెండు సాధనములును మన హైదరాబాదులో ఒకే సంవత్సరమున నిలిచియుండెను. అవి ఎట్లు నిలిచినవో, వానిలో నొకటి యేమైనదో చెప్పుటయే ఈ వ్యాసములో నా పని.

మొదట పిల్లవాని మాటలోని చిన్న పొరపాటును సవరింపవలెను. ప్రక్క నక్షత్రమును లాగునది అయస్కాంతము కాదు, గురుత్వాకర్షణము. సూర్యునివంటి తార తన యింధనమును వ్యయపరచుకొన్న తరువాత మిగులు శేషమును శ్వేతకుబ్జ మందురు. సూర్యునికి దాదాపు సమానమైన ద్రవ్యరాశి భూమి యంత గోళములో కుదించుకొని యుండును. అందలి పదార్థము ఒక చెంచాడు తూచినచో కొన్ని టన్నులుండును. ఇట్టి తార ఎంత బరువు వరకు నిలువగలదో దానికొక హద్దు కలదని 1930లో ఇంగ్లండు పోవు ఓడలో కూర్చుండి లెక్కగట్టిన పందొమ్మిదేండ్ల మదరాసు విద్యార్థియే సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ హద్దు సూర్యుని ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లని తరువాత స్థిరపడినది. ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది 1983లో. లెక్కకును బహుమానమునకును నడుమ యాభైమూడు సంవత్సరములు. మన పదోన్నతుల ఆలస్యమునకు కొంత యూరట!

శ్వేతకుబ్జములలో కొన్నిటికి చేరువలో నింకొక తార, సాధారణముగా చిన్న ఎఱ్ఱని తార, తోడై తిరుగుచుండును. మిక్కిలి దగ్గరగా నున్నందున శ్వేతకుబ్జపు ఆకర్షణమునకు లోబడి ఆ తోడుతార పైపొరలలోని వాయువు జారి దీనివైపు ప్రవహించును. శ్వేతకుబ్జమునకు బలమైన అయస్కాంత శక్తి యున్నచో ఆ వాయువు ఇష్టము వచ్చినట్లు పడజాలదు. కాలువలో నీరు గట్లను విడువనట్లు, అయస్కాంత రేఖలను పట్టుకొని ధ్రువములవైపు ప్రవహించి, అచట క్షణమునకు కొన్నివేల కిలోమీటర్ల వేగముతో పడును. కాబట్టి లాగువాడొకడు, దారి చూపువాడింకొకడు. క్రేను ఉపమానము సగము మాత్రమే చెల్లును.

తక్కిన సగమునకు కొలిమి యొద్దకు పోవలెను. ఇనుము వేడియెక్కినకొలది ముందు ఎఱ్ఱగా, పిదప పసుపుగా, సుమారు 1,600 డిగ్రీల యొద్ద కరగి కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వెలుగును. ఇది సిల్తారాలో చిన్నపిల్లలకును తెలిసిన సంగతి. వేడి యింకను హెచ్చినచో వెలుగు నీలమునకు, అతినీలలోహితమునకు జరుగుచు పోయి, కోట్ల డిగ్రీల యొద్ద ఎక్స్-కిరణములుగా వెలువడును. శ్వేతకుబ్జపు ధ్రువము పై బడిన వాయువు తాకిడివలన అంతటి వేడిని పొందును. అనగా ఆ కొలిమిని చూడవలెనన్నచో ఎక్స్-కిరణములు చూచు కన్ను కావలెను. కాని ఆ కొలిమికి వాయువును చేర్చుచున్న అయస్కాంతపు జాడ ఎక్కువగా మామూలు వెలుగులోనే దొరకును. అయస్కాంత రేఖల చుట్టు గిరగిర తిరుగు ఎలక్ట్రానులు వెదజల్లు కాంతి ఒక క్రమమునకు లోబడి కంపించును. దీనిని ధ్రువణ మందురు. తగిన పరికరమును దూరదర్శినికి తగిలించినచో ఎంతపాలు ధ్రువణమున్నదో కొలువవచ్చును. వేడి కొక కన్ను, అయస్కాంతమున కొక కన్ను. ఒక్క కన్నుతో చూచినవారు ఏబదియేండ్లు ఎట్లు మోసపోయిరో ముందు చెప్పబోవు కథలో తేలును.

1901వ సంవత్సరము ఫిబ్రవరిలో ఎడింబరో నగరమున థామస్ ఆండర్సన్ అను ఔత్సాహికుడు పెర్సియస్ మండలములో అంతకుముందు కంటికి కానరాని యొక తారను చూచెను. కొలది దినములలో అది ఆకాశములోని మిక్కిలి ప్రకాశవంతములగు తారల సరసన చేరి, తరువాత క్రమముగా వాడిపోయెను. అట్టివానిని నవ్యతార లందురు. ఇదియు అయస్కాంత శ్వేతకుబ్జము గల జంటయే యని తేలుటకు ఎనుబదినాలుగు సంవత్సరములు పట్టినది. యూరపు దేశముల వారు పంపిన ఎక్సోశాట్ ఉపగ్రహము అందుండి 351 సెకండ్లకొక మారు ఎక్స్-కిరణముల హెచ్చుతగ్గులు వచ్చుచున్నట్లు కనిపెట్టగా, ఆ ఫలితము 1985లో ప్రకటింపబడెను. ఆ 351 సెకండ్లు శ్వేతకుబ్జము తన చుట్టు తాను తిరుగు కాలము.

ఆ 1901లోనే హైదరాబాదున నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు, ఇంగ్లండులో ఖగోళవిద్య యందు రుచి మరగి వచ్చినవాడు, గ్రబ్ కంపెనీవారి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, నగరపు టంచున ఫిసల్‌బండలోని తన యెస్టేటులో వేధశాల నెలకొల్పుటకు పూనుకొనెను. నవ్యతారకును నవాబునకును సంబంధము నేను కల్పించుట లేదు. సంవత్సరము కలిసినది, అంతే. 1907లో ఆయన మరణించెను. వేధశాల నిజాము ప్రభుత్వమునకు సంక్రమించి, ఆర్థికశాఖ క్రిందికి వచ్చి, బేగంపేటకు మారెను. నక్షత్రములు ఆర్థికశాఖ క్రింద నుండుట వింతగా తోచును గాని, ఆ శాఖవారు దానిని చంపలేదని చరిత్ర చెప్పుచున్నది. 1919లో నిజామియా వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయములో చేరెను.

ఆ వేధశాల చేసిన పనులలో మొదటిది, పెద్దది ఆకాశపటము. ప్రపంచములోని వేధశాలలు ఆకాశమును వంతులుగా పంచుకొని ఛాయాచిత్రములు తీసి తారల స్థానములు కొలుచుటకు పూనుకొన్నపుడు దక్షిణాకాశములోని యొక పట్టీ హైదరాబాదునకు వచ్చెను. ఏడు లక్షలకు పైగా తారల స్థానములు పండ్రెండు సంపుటములలో అచ్చుపడెను. కాలిక్యులేటరు లేదు, కంప్యూటరు లేదు. గాజుపలకపై సూక్ష్మదర్శినితో చుక్క తరువాత చుక్క కొలిచినవారు జీతపు గుమాస్తాలవంటి సహాయకులు. వారి పేర్లు చరిత్రకెక్కలేదు. మనబోటివారమే యని నేను అనుకొందును.

రెండవ పని మన కథకు చేరువైనది. మొదటి భారతీయ సంచాలకుడగు టి. పి. భాస్కరన్ గారు వెలుగులో హెచ్చుతగ్గులు గల తారలను క్రమముగా పరిశీలించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇట్టి పని మన దక్షిణదేశమునకు క్రొత్త కాదు. మదరాసు వేధశాలలో చింతామణి రఘునాథాచార్యులు 1867లోనే అట్టి తార నొకదానిని కనుగొనియుండిరి. బేగంపేటలో ఆ పరిశీలకుల నడుమ పెరిగిన బాలుడొకడు తరువాత దేశమునకే ఖగోళాచార్యు డయ్యెను. ఆయన వైను బప్పు. కేరళ కుటుంబము, మదరాసులో 1927లో జననము. కాని తండ్రిగారు నిజామియా వేధశాలలో సహాయకులగుటచే పెంపకము, చదువు హైదరాబాదులో. కళాశాల విద్యార్థిగా నుండగనే కాంతి మారు తారలపై వ్యాసములు ప్రకటించెను. 1949లో అమెరికాలో ఆయన కనుగొనిన తోకచుక్కకు ఆయన పేరే పెట్టిరి. తమిళనాట జవ్వాది కొండలలో కావలూరు వేధశాలను నిర్మించినది ఆయనయే.

బేగంపేటలో తారల వెలుగును రాత్రి రాత్రి గుణించుచున్న ఆ దినములలోనే, జర్మనీలోని హైడల్‌బర్గులో మాక్స్ వుల్ఫ్ 1923లో హెర్క్యులీసు మండలమున వెలుగు నిలుకడ లేని యొక తారను గుర్తించెను. పట్టికలలో దానికి ఎ.ఎం. హెర్క్యులీస్ అని పేరు. కొన్ని మాసములు వెలుగును, కొన్ని మాసములు మసకబారును. మార్పునకు నియమము లేదు. కంటికి కానరానంత చిన్న చుక్క. ఇట్టివి వేలకొలది యుండగా దీనిని ప్రత్యేకముగా పట్టించుకొనువారెవరు? మన రికార్డు గదులలో ఎఱ్ఱదారముతో కట్టి అటకపై నుంచిన ఫైలువలె అది ఏబది సంవత్సరములు పడియుండెను.

దానిని దింపినది ఎక్స్-కిరణములు. ఈ కిరణములను భూమి వాతావరణము పీల్చివేయును, మన బ్రతుకులకు అది మేలే. కాబట్టి వానిని చూడవలెనన్నచో గాలిని దాటి పైకి పోవలెను. 1962 జూనులో అమెరికాలో రికార్డో జియాకోనీ బృందము రాకెట్టుపై పంపిన పరికరము సౌరకుటుంబమునకు వెలుపలినుండి వచ్చు ఎక్స్-కిరణములను మొదట పట్టెను. 1970 డిసెంబరు 12న కెన్యా సముద్రతీరమున ఒక వేదికనుండి ఈ పనికే కేటాయించిన మొదటి ఉపగ్రహమును పంపిరి. అది కెన్యా స్వాతంత్ర్యదినము. అందుచే స్వాహిలీ భాషలో స్వేచ్ఛ యను అర్థము గల 'ఉహురు' అని దానికి పేరిడిరి. ఉహురు ఆకాశమంతయు వెదకి ఎక్స్-కిరణములు వచ్చు చోట్లకు జాబితా తయారుచేసెను. అయితే దాని చూపు మొద్దు. "ఈ వీధిలో నెక్కడనో" అని చెప్పగలదే కాని ఇంటి నంబరు చెప్పలేదు.

ఆ జాబితాలోని యొక వీధిలో మన పాత హెర్క్యులీసు తార యున్నదని 1976లో బెర్గ్, డ్యూతీ అను వారు గమనించి, ఎక్స్-కిరణములు దానివే కావచ్చునని సూచించిరి. ఆ సంవత్సరము ఆగస్టులో అరిజోనా విశ్వవిద్యాలయపు సాంటియాగో టాపియా దూరదర్శినికి ధ్రువణమాపకమును తగిలించి ఆ తారను చూచెను. ఆ వెలుగులో, ముమ్మరముగా నున్న వేళ, నూటికి దాదాపు పది పాళ్లు వృత్తాకార ధ్రువణము కనిపించినది. అంతటి ధ్రువణము ఏ జంటతారలోను అంతకుముందు చూచినవారు లేరు. అది ఊరకనే యుండక 3 గంటల 6 నిమిషముల కొకమారు, తప్పకుండ, హెచ్చి తగ్గుచుండెను. చిక్కుముడి ఒక్కసారిగా వీడెను. ఆ రెండు తారలు ఆ మూడు గంటలలో ఒకదాని చుట్టు నొకటి తిరిగివచ్చును. ఆ జంట యంతయు సూర్యబింబములో దాదాపు ఇముడునంత చిన్నది. అయస్కాంతపు పట్టు ఎంత గట్టిదనిన, శ్వేతకుబ్జము తన తోడువైపు ఒకే ముఖము చూపుచు, మనకు చంద్రునివలె, బంధింపబడి తిరుగుచున్నది. ఇట్టి జంటలకు పోలెండు దేశపు ఖగోళవేత్తలు 'పోలార్' అని పేరు పెట్టిరి.

ఎంత గట్టి అయస్కాంతము? భూమి అయస్కాంతబలము అర గౌస్ మాత్రమే. ఆసుపత్రులలో శరీరము లోపలి చిత్రములు తీయు ఎం.ఆర్.ఐ. యంత్రములలో సాధారణముగా 15,000 గౌస్. ఈ తారది మొదట 20 కోట్ల గౌస్ ఉండవచ్చు నని లెక్కవేసిరి; తరువాతి పరిశీలనలలో అది 1.4 కోట్లకు దిగినది. దిగినను, ఆసుపత్రి యంత్రమునకు సుమారు వేయి రెట్లు. మననుండి దాని దూరము సుమారు 285 కాంతి సంవత్సరములు.

ఇందు గమనింపవలసినది, టాపియా చేతిలో నున్నది మామూలు వెలుగును చూచు దూరదర్శిని. ఉహురు లేకున్న అతడు ఆ తారవైపు తిరిగియుండడు. అతడు లేకున్న ఉహురు జాబితాలోని ఆ వరుస, పేరులేని వరుసగా మిగిలియుండెడిది.

ఇపుడు హైదరాబాదునకు మరలుదము. ఎక్స్-కిరణములను చూచుటకు రాకెట్టు, ఉపగ్రహములే కాక మూడవ దారి యొకటి కలదు. పలుచని ప్లాస్టికు పొరతో చేసిన బ్రహ్మాండమైన బెలూనులో హైడ్రోజను నింపి పరికరములను సుమారు 40 కిలోమీటర్ల ఎత్తునకు పంపినచో, అచట గాలి మిక్కిలి పలుచనగుటచే బలమైన ఎక్స్-కిరణములు చేరగలవు. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఈ పనికి హైదరాబాదును ఎన్నుకొనిరి. కారణము ముచ్చటైనది. మన ప్రాంతము భూమి అయస్కాంతపు మధ్యరేఖకు దగ్గర. విశ్వాంతరాళమునుండి వచ్చు విద్యుత్కణములను భూమి అయస్కాంతమే ఇచట ఎక్కువగా మరలించివేయును. పరికరములో అనవసరమైన రొద తగ్గును. దూరపు అయస్కాంత తారలను చూచు విద్యకు మన భూమి అయస్కాంతమే కాపలా కాయుచున్నదన్న మాట! 1968లో హైదరాబాదునుండి ఎగిరిన బెలూను వృశ్చికరాశిలోని ఎక్స్-కిరణ తారను పరిశీలించెను. మన దేశములో ఈ విద్యకు పునాదివేసిన ప్రయోగములలో అదియొకటి. ఆ బెలూను కేంద్రము హైదరాబాదులో స్థిరపడినది.

ఆ 1968లోనే ఇంకొకటి జరిగినది. బేగంపేట చుట్టు నగరము పెరిగి దీపముల వెలుగు ఆకాశమును కప్పివేయగా, ఉస్మానియావారు ఇబ్రహీంపట్నమునకు ఆవల జాపాల, రంగాపురము గ్రామముల నడుమ చీకటి గల చోటు వెదకి 48 అంగుళముల దూరదర్శినిని నిలిపిరి. ఆ కాలమున మన దేశములో పెద్దవానిలో నొకటి. కె. డి. అభ్యంకర్ గారు, ఎం. బి. కె. శర్మగారు మొదలగువారు అచట జంటతారల వెలుగును, ఒకదానినొకటి కప్పుకొను గ్రహణవేళలను సంవత్సరముల తరబడి కొలిచిరి. జంటతారలే వారి ప్రత్యేకత. కనుక నేను పైన చెప్పిన సంగతిని మరల చూడుడు. 1968 నాటికి ఒక నగరపు నీడలోనే గాలి పైకెగసి ఎక్స్-కిరణములు చూచు కన్నును, నేలపై నిలిచి జంటతారల వెలుగు కొలుచు కన్నును మనకు రెండును కలవు. పోలార్ తారల గుట్టు అమెరికాలో బయటపడుటకు అది ఎనిమిదేండ్లు ముందు.

రంగాపురమునకు జనము తరలివచ్చిన దినమొకటి కలదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము ఆ వేధశాలమీదుగా పోయినది. దేశదేశముల శాస్త్రవేత్తలు అచట గుమికూడిరి. నగరములలో మాత్రము వీధులు నిర్మానుష్యములై, జనము తలుపులు బిగించుకొని కూర్చుండిరని మా నాయనగారు చెప్పెడివారు. ఊరంతయు తలుపులు మూసికొన్న వేళ తలుపు తెరిచిన చోటు రంగాపుర మొకటి.

పైకెగసిన కన్ను నానాటికి బలపడెను. 1975 ఏప్రిల్ 19న రష్యానుండి ఎగిరిన మన మొదటి ఉపగ్రహము ఆర్యభటలో ఎక్స్-కిరణ పరికర ముండెను. కొలది దినములలోనే విద్యుత్సరఫరా లోపముచే ప్రయోగములు ఆగినవి. 1996 మార్చి 21న శ్రీహరికోటనుండి పోయిన ఐ.ఆర్.ఎస్.-పి3 ఉపగ్రహము అట్టి పరికరములను మోసికొనిపోయెను. తుదకు 2015 సెప్టెంబరు 28న, అదే శ్రీహరికోటనుండి, పి.ఎస్.ఎల్.వి.-సి30 రాకెట్టు 'ఆస్ట్రోశాట్'ను సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున నిలిపినది. పులికాటు సరస్సు గట్టునుండి ఎగిరిన ఆ ఉపగ్రహములో పెక్కు ఎక్స్-కిరణ పరికరములతో పాటు అతినీలలోహితపు జంట దూరదర్శినియు కలదు. దానిలో మామూలు వెలుగును పట్టు భాగమును కలదు. ప్రధాన పరికరములన్నియు ఒకే తారవైపు ఒకే వేళ చూచునట్లు అమర్చిరి.

ఒకే వేళ అన్న మాట యొద్ద కొంచెము నిలువవలెను. పోలార్ తారలు మొండివి. హెర్క్యులీసు తారయే చూడుడు, నేడు బాగుగ వెలుగుచున్నది, వచ్చు మాసము తోడుతారనుండి వాయువు రాక సన్నగిలి అందులో పదవ పాలునకు దిగిపోవచ్చును. ఎప్పుడు దిగునో, ఎప్పుడు లేచునో ఎవరును చెప్పజాలరు. జనవరిలో తీసిన ఎక్స్-కిరణముల కొలతను జూనులో తీసిన వెలుగు కొలతతో జతపరచినచో, ఒక మనుష్యుని జ్వరపు వేడిని మరియొకని నాడితో కలిపి చీటీ వ్రాసినట్లుండును. పైనున్న కన్ను చూచునపుడే క్రిందనున్న కన్నును చూడవలెను. అందును భూమిపై నున్నవానికి పగలు అడ్డు. ఆస్ట్రేలియాలో తెల్లవారిన తరువాత, యూరపులో చీకటిపడకముందు, నడుమ కొన్ని గంటలు తారను చూడగల నేల మనది. మూడు గంటల చక్రము గల తారకు ఆ గంటలు చాల విలువైనవి.

ఈ జంట చూపు ఇటీవల ఏమి సాధించినదో ఒక ఉదాహరణము చెప్పెదను. వృశ్చికములో ఎ.ఆర్. స్కార్పియై అను తార నొకదానిని 1970 ప్రాంతమునుండియు సామాన్యమైన కాంతి మారు తార యని పట్టికలో వ్రాసికొనియుండిరి. 2015లో జర్మనీ, బెల్జియము, ఇంగ్లండు దేశముల ఔత్సాహికులు కొందరు దాని నడక వేరుగా నున్నదని కనుగొనిరి. శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, వేగముగా తిరుగు అయస్కాంత శ్వేతకుబ్జ మొకటి సుమారు 2 నిమిషములకొక మారు ఎదుటి ఎఱ్ఱతారను కొరడాతో కొట్టినట్లు విద్యుత్కణములతో తాకుచున్నదని, ఆ దెబ్బకు జంట యంతయు అతినీలలోహితమునుండి రేడియో తరంగముల వరకు మినుకుమినుకు మనుచున్నదని తేలినది. 2016లో ఈ సంగతి ప్రకటితమైన పిదప దానిని చూచినవానిలో మన ఆస్ట్రోశాట్‌యు ఒకటి. తొలి సూచన మాత్రము ఇంటి పెరటిలో దూరదర్శిని పెట్టుకొన్నవారిది.

ధ్రువణపు విద్యయు ఎక్స్-కిరణములకు ప్రాకినది. 2024 జనవరి 1న శ్రీహరికోటనుండి ఎగిరిన 'ఎక్స్‌పోశాట్' ఆ పనికే పుట్టినది. అమెరికావారి అట్టి ఉపగ్రహము వాసుకి మండలములోని ఇ.ఎక్స్. హైడ్రే అను అయస్కాంత జంటను దాదాపు వారము దినములు చూచి, దాని ఎక్స్-కిరణములలో నూటికి 8 పాళ్లు ధ్రువణము కలదని, ధ్రువముపై నిలిచిన కాగుచున్న వాయుస్తంభము మూడు వేల కిలోమీటర్లకు పైగా ఎత్తుండునని 2025లో తెలిపినది. టాపియా మామూలు వెలుగులో చేసినదానినే ఏబది సంవత్సరముల తరువాత ఎక్స్-కిరణములలో చేసిరి.

మరి నేలపై నున్న మన కన్ను? బేగంపేట వేధశాల ఆవరణలో నేడు ఆర్థిక సాంఘిక అధ్యయనములు చేయు సంస్థ యున్నది. తారలు లెక్కించిన చోట ధరలు లెక్కించుచున్నారు. అదియు లోకమునకు కావలసిన పనియే గనుక నాకు కోపము లేదు. రంగాపురపు సంగతి వేరు. చీకటిని వెదకికొని పోయిన ఆ 48 అంగుళముల దూరదర్శిని చాల సంవత్సరములుగా పరిశీలనలు లేక పడియున్నది. నేడు ఆస్ట్రోశాట్‌కు జతగా వెలుగు కొలువవలెనన్నచో లడఖులోని హాన్లే, నైనితాలు సమీపమున దేవస్థలము, కావలూరు తలచుకొనవలెను గాని రంగాపురమును తలచువారు లేరు. రాకెట్టు ఎగురు దినమున శ్రీహరికోటలో చూపరులు కిక్కిరిసి యుందురు, వార్తాపత్రికలలో మొదటి పుట దానిదే. అద్దమునకు పూత మాసినదా, గుమ్మటము తిరుగుచున్నదా అని విచారించుటకు మొదటి పుట చోటియ్యదు. ప్రభుత్వోద్యోగిగా నాకు తెలిసినది, క్రొత్త దానికి మంజూరు తెచ్చుకొనుట కంటె పాతదాని నిర్వహణకు ఏటేట చిన్న మొత్తము తెచ్చుకొనుట కష్టము. రంగాపురము విషయములో ఏమి జరిగినదో నేను తీర్పు చెప్పను. ఒక జాతికి రెండు కన్నులు దొరికి, ఒకటి మూతపడుట చూచి చరిత్ర విద్యార్థిగా ఊరకుండలేక వ్రాసితిని.

ఈ సంవత్సరము దసరాకు మరల సిల్తారా పోయి మేనల్లునికి ఇదంతయు చెప్పితిని. వాడు వెంటనే డాబా పైకి లాగికొనిపోయి "ఎక్కడుందో చూపించండి మామయ్యా" అనెను. రాత్రి ఎనిమిదయినది. కొలుముల ఎఱ్ఱని వెలుగు పొగలో వ్యాపించి ఉత్తరదిక్కు కుంకుమ కలిపిన నీటివలె నున్నది. వాయవ్యమున అభిజిత్తు మాత్రము కనిపించినది. చేయి చాచి పిడికిలి బిగించి, అభిజిత్తునుండి ధ్రువునివైపు పిడికిలి వెడల్పుకంటె కొంచెమెక్కువ దూరమున, ఒక చుక్కయు లేని పొగను చూపి, "అక్కడ" అంటిని.

వాడు చాలసేపు అటే చూచి, "రంగాపురం ఇక్కడికి ఎంత దూరం?" అని అడిగెను. లోపలినుండి మా అక్కగారు భోజనమునకు పిలిచిరి.